మీ రచన కింద ‘సేకరణ’ అని పడకుండా ఉండాలంటే

కొన్నేళ్ల కిందట మా అమ్మ కుట్టు మిషను మీద ఒక కవిత రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఇరవై రెండు పాదాలు. మూడు నెలలకు అది మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి తిరిగి వచ్చింది. పంపింది మా మేనమామ. పైన రెండు గులాబీలు, కింద నమస్కారం పెట్టే చేతులు, నా పేరు ఉండాల్సిన చోట ‘సేకరణ’ అన్న మాట. అంతకన్నా ఘోరం, నేను రాయని రెండు పాదాలు చివర వచ్చి చేరాయి: అమ్మ దైవమనీ, ఆమె రుణం తీరదనీ. ఫోను చేసి, అది రాసింది నేనే మామయ్యా అన్నాను. “నువ్వా? ఆ చివరి రెండు పాదాలు మాత్రం అద్భుతంగా రాశావురా” అన్నాడు.

అప్పటి నుంచి ఏదైనా బయట పెట్టే ముందు కొన్ని పనులు చేస్తున్నాను. అవే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. కథలు, కవితలు రాసేవారిని మనసులో పెట్టుకుని రాస్తున్నది ఇది. బొమ్మలు వేసేవారికీ ఫోటోలు తీసేవారికీ కూడా చాలావరకు పనికొస్తుంది. చట్టం మాట వచ్చిన చోటల్లా భారతదేశ చట్టమే.

పేరా, పైకమా, పెత్తనమా?

పెట్టబోయే ప్రతి రచన గురించీ ముందుగా ఈ ప్రశ్న వేసుకోండి. ఎవరు ఎక్కడ పంచుకున్నా పేరుంటే చాలనుకుంటే ఆ మాట రచన కిందనే రాయండి: ‘పేరు తీసేయకుండా, మార్పులు చేయకుండా ఎవరైనా పంచుకోవచ్చు.’ ఇలా రాసిన తర్వాత నా కవిత అడక్కుండా పంచుకున్నారని కోప్పడే అవసరం మీకూ ఉండదు.

డబ్బు రావాలనుకున్నదాన్ని, పోటీకి పంపాలనుకున్నదాన్ని అసలు బయట పెట్టకండి. పత్రికకు కథతో పాటు పంపే హామీ పత్రం మీకు తెలిసిందే: ఈ కథ నా స్వంతం, అనువాదమూ అనుకరణా కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు. ఫేస్‌బుక్ గోడ మీద, వాట్సాప్ గ్రూపులో వచ్చినా ప్రచురితమైనట్టే లెక్క అని పోటీల నిబంధనల్లో విడిగా రాయడం ఇప్పుడు మామూలైంది. నలుగురి మెప్పు కోసం తొందరపడి పెట్టిన కథ ఆ తర్వాత పోటీకి పనికిరాకుండా పోతుంది.

ఇక పెత్తనం. చదివి వినిపించడం, అనువదించడం, నాటకంగా వేయడం మీ అనుమతితోనే జరగాలనుకుంటే ఆ మాటా రాయండి, కింద ఈమెయిల్ ఇవ్వండి. ఈమెయిల్ లేకపోతే మర్యాదగా అడుగుదామనుకున్న మనిషికి కూడా దారి దొరకదు. నిజానికి నాకు ఎదురైన ‘దొంగల్లో’ సగం మంది ఎవరిని అడగాలో తెలియనివారే.

షరతులతో స్వేచ్ఛగా ఇచ్చేయడానికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి. పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చకూడదు అనే షరతుల్లో మీకు నచ్చినవి కలుపుకోవచ్చు. ఒకటే జాగ్రత్త: ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోలేరు. వికీపీడియాకు బొమ్మలు అందించే వికీమీడియా కామన్స్‌లో ఫోటోలు ఎక్కించేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. వ్యాపారానికి వాడకూడదనే షరతును అక్కడ ఒప్పుకోరు. మీరు తీసిన కోట ఫోటో రేపు ఒక హోటలు వారి క్యాలెండర్ మీద మీ పేరుతో కనిపిస్తే మీరు చేయగలిగింది ఆ క్యాలెండర్ ఒకటి తెచ్చుకుని గోడకు తగిలించుకోవడమే.

చట్టం మీకు ఇప్పటికే ఇచ్చినవి తెలుసుకోండి

రిజిస్టర్ చేయించలేదు కాబట్టి హక్కు లేదనుకునే రచయితలు ఇప్పటికీ కనిపిస్తారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన కాగితం మీదో ఫోనులోనో రూపం దిద్దుకున్న క్షణం నుంచే హక్కు మీది. వలయంలో ‘సి’ గుర్తు పెట్టకపోయినా మీదే. మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు అది నిలుస్తుంది. రచనల హక్కులను పరస్పరం కాపాడుకోవడానికి దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో భారతదేశం 1928 నుంచే ఉంది కాబట్టి, అందులో ఉన్న మిగతా దేశాల్లోనూ విడిగా ఏ రిజిస్ట్రేషనూ లేకుండానే రక్షణ దొరుకుతుంది. డాలస్‌లో కూర్చుని మీ కథను తన పేరుతో వేసుకున్న మనిషికీ ఇది వర్తిస్తుంది.

అన్నిటికన్నా విలువైనది 57వ సెక్షన్ అని నా అభిప్రాయం. రచన మీద ఆర్థిక హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా, ఇది నేను చేసింది అని చెప్పుకునే హక్కు, మీ పరువుకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు మీ దగ్గరే ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞాన భవన్ కోసం చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో గోడ మీద నుంచి ఊడదీసి గోదాములో పడేశారు. చేయించుకున్నది ప్రభుత్వం, ఊడదీసిందీ ప్రభుత్వమే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇచ్చేయమనీ, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమనీ తీర్పు చెప్పింది. నా కవితకు గులాబీలు అతికించడాన్ని దానితో పోల్చను గానీ, చివర చేరిన ఆ రెండు పాదాల గురించి ఆలోచించినప్పుడల్లా సెహగల్ గుర్తొస్తాడు.

చట్టం ఇవ్వనిది కూడా తెలియాలి. ఆలోచన ఎవరి సొత్తూ కాదు. దాన్ని చెప్పిన తీరు మీదే హక్కు. తన నాటకాన్ని సినిమాగా తీశారని ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. వృద్ధాశ్రమంలో తండ్రి, అమెరికాలో కొడుకు అన్నది కథావస్తువు. అది మీకన్నా ముందు వందమంది రాశారు, మీ తర్వాత మరో వందమంది రాస్తారు. నా కథ కొట్టేశారని ఎవరిమీదైనా విరుచుకుపడే ముందు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి ఎర్ర పెన్నుతో గీతలు గీయండి. వాక్యాలు, సన్నివేశాల వరుస, మీరు మాత్రమే కల్పించగలిగిన చిన్న చిన్న వివరాలు కలిస్తేనే మాట్లాడండి.

ఫోటోగ్రాఫర్లకు ఒక చేదు నిజం. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారే. అంటే పెళ్లి ఫోటోలు పెళ్లివారివి. మీ స్టూడియో ప్రచారానికి వాడుకోవాలనుకుంటే అడ్వాన్సు తీసుకునే రోజునే రసీదు మీద ఆ షరతు రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

పేరును రచన లోపలికి నేయండి

కింద రాసిన పేరు చాలా తేలిగ్గా రాలిపోతుంది. కాపీ చేసే వేలు సరిగ్గా చివరి పాదం దగ్గర ఆగుతుంది. మన పాతకవులు ఈ ఇబ్బందిని ఎప్పుడో దాటారు. వేమన పద్యం చివరి పాదంలో వేమన ఉంటాడు. త్యాగయ్య కీర్తన చరణంలో త్యాగరాజు ఉంటాడు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు. అచ్చు యంత్రం లేని రోజుల్లో నోటి నుంచి నోటికి పోయే పాటతో పాటు పేరూ ప్రయాణించేలా వేసిన ముద్ర అది. దాని బలహీనత కూడా చూడండి: వేమన మకుటం తగిలించి ఎవరెవరో రాసిన పద్యాలు కూడా ఆయన ఖాతాలోకి చేరాయి.

వచన కవితకు మకుటం కుదరకపోవచ్చు. కానీ శీర్షిక పక్కన ఒకసారి, చివర మరోసారి పేరు రాయవచ్చు. కథ అయితే మధ్యలో విరామం వచ్చే చోట ‘రచయిత ఫలానా, ఊరు, నెల, సంవత్సరం’ అని ఒక పంక్తి ఇరికించవచ్చు. అందంగా ఉండదని కొందరంటారు. నిజమే. ఊరి పేరు పెడితే ఒక లాభం ఉంది: అదే పేరున్న మరో రచయితతో మిమ్మల్ని కలపరు. మన భాషలో శ్రీనివాసులకూ లక్ష్ములకూ కొదవ లేదు కదా.

బొమ్మలకు, ఫోటోలకు వాటర్‌మార్క్ వేసేటప్పుడు మూలన వేయకండి. కత్తిరిస్తే పోతుంది. అసలు విషయానికి ఆనుకుని, చెరిపితే బొమ్మే చెడిపోయే చోట, పల్చగా వేయండి. పెద్ద సైజు ఫైలు మీ దగ్గరే ఉంచుకుని చిన్నది మాత్రం బయట పెట్టండి. కెమెరా ఫైలు లోపల తేదీ, పేరు ఉంటాయి కదా అనుకోవద్దు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ సమాచారం పోతుంది. డాక్యుమెంటుగా పంపితేనే నిలుస్తుంది.

కవితను బొమ్మగా మార్చి పెడితే పేరు తుడిచేయడం కష్టమే. కానీ చూపు లేని పాఠకుల ఫోన్లు ఆ బొమ్మను చదివి వినిపించలేకపోవచ్చు. నేను రెండూ పెడతాను: పేరున్న బొమ్మ, కింద మామూలు అక్షరాలు.

తేదీ సాక్ష్యం ముందే దాచుకోండి

తగవు వచ్చినప్పుడు ఎవరు ముందు అన్నదే ప్రశ్న. రచనను రిజిస్టర్ పోస్టులో తమకు తామే పంపుకుని కవరు విప్పకుండా బీరువాలో దాచే అలవాటు పాతతరం రచయితల్లో ఉండేది. ఇప్పుడు అంతకన్నా తేలికైన దారులున్నాయి. చిత్తుప్రతులు పారేయకండి. కొట్టివేతలున్న నోటుపుస్తకం పేజీ కన్నా మంచి సాక్షి దొరకదు. దొంగ దగ్గర చిత్తుప్రతి ఉండదు. పూర్తయిన రోజున ఫైలును మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి. బహిరంగంగా పెట్టిన పేజీ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ లింకు ఇచ్చి భద్రపరచండి. మీకు సంబంధం లేని మూడో చోట తేదీతో సహా నకలు ఉంటుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నాను. అయినా డబ్బుతో ముడిపడ్డ రచనకు చేయించడం మంచిది. రిజిస్టర్‌లో ఉన్న వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. కాపీరైట్ కార్యాలయం ఢిల్లీలోని ద్వారకలో ఉంది గానీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. సాహిత్య రచనకైనా, సరుకుల మీద వాడని బొమ్మకైనా రుసుము 500 రూపాయలు. ఆడియో రికార్డింగుకు 2,000, చలనచిత్రానికి 5,000. దరఖాస్తు పెట్టగానే దాని గుర్తింపు సంఖ్య, అంటే డైరీ నంబరు వస్తుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, తర్వాత పరిశీలన. కవితలను ఒక్కొక్కటిగా కాకుండా సంపుటిగా కూర్చి పంపితే ఖర్చు కలిసొస్తుంది.

సంతకం పెట్టే ముందు

ఫేస్‌బుక్‌లో పెట్టినంత మాత్రాన హక్కు వారిది కాదు. వారికి మీరు ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే. అసలు ప్రమాదం పోటీల ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది: ‘వచ్చిన రచనలపై సర్వహక్కులూ నిర్వాహకులవే.’ బహుమతి పొందినవాటిపై కాదు, వచ్చినవాటన్నిటిపై! ఇలాంటి చోటికి నేను పంపను. చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. కాబట్టి ఒప్పందం చేతికి వచ్చినప్పుడు వెతకాల్సిన మాటలు మూడు: ఏ రూపంలో, ఎన్నేళ్లు, ఎక్కడ. అచ్చుకు ఇచ్చిన కథను ఆడియోకు కూడా ఇచ్చినట్టు కాకూడదు. సినిమా పాటలు రాసేవారికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ మరో మేలు చేసింది: సినిమాకు బయట ఆ పాట వాడకం మీద రావలసిన రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేయమన్నా ఆ రాత చెల్లదు.

అప్పుడప్పుడు వెతకండి

రచనలోంచి మీరు తప్ప ఎవరూ వాడని అయిదారు మాటల వరుస ఎంచుకుని, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. తెలుగులో ఒక చిక్కుంది. ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. కాపీల మధ్య అది పోతుంటుంది, వస్తుంటుంది. అందుకే మధ్యలో పొల్లు లేని, ఒకే వర్ణక్రమం ఉన్న మాటలు ఎంచుకోండి. బొమ్మలకైతే, బొమ్మ ఇస్తే అలాంటివి ఎక్కడున్నాయో వెతికి చూపే గూగుల్ లెన్స్, టిన్‌ఐ ఉన్నాయి.

యూట్యూబ్‌లో కథలు చదివి వినిపించే ఛానళ్లు మాటల వెతుకులాటకు దొరకవు. కథ శీర్షికతో, పాత్రల పేర్లతో వెతకండి. శీర్షిక ఉంచి రచయిత పేరు మింగేసిన వీడియోలు అలాగే బయటపడతాయి.

దొరికాక ఏం చేయాలి

మొదట సాక్ష్యం. సందేశం పెట్టారంటే అవతలివారు ఆ పోస్టు తీసేయవచ్చు, అప్పుడు మీ దగ్గర ఏమీ మిగలదు. లింకు, తేదీ, సమయం, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వీడియో అయితే వివరణతో సహా రికార్డు చేయండి. ఆ ఫోనును, అసలు ఫైళ్లను అలాగే ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి. అసలు ఫైలు చెదరకుండా ఉంటేనే ఆ పని సులువు.

తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం. నేను పంపేది ఇలా ఉంటుంది:

“నమస్కారమండీ. మీరు నిన్న పంచుకున్న కుట్టు మిషను కవిత నేను రాసింది. మొదట ప్రచురించిన లింకు ఇక్కడ ఇస్తున్నాను. చివరి రెండు పాదాలు నావి కావు. దయచేసి వాటిని తొలగించి నా పేరు చేర్చండి, లేదా పోస్టు తీసేయండి. ఎల్లుండి సాయంత్రం లోపు తెలియజేస్తే సంతోషిస్తాను.”

ఇందులో దొంగ అన్న మాట లేదు, చట్టం మాటా లేదు. ఎక్కువమంది దీనికే దిగివస్తారు. క్షమాపణ చెప్పి, తర్వాత నా పాఠకులైనవారూ ఉన్నారు. కోపంలో ముందే బహిరంగంగా పేరు పెట్టి తిడితే తప్పు మీ వైపు కూడా వచ్చి చేరుతుంది. ఆధారం లేకుండా కేసు పెడతానని బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారే కోర్టుకు వెళ్లడానికి కాపీరైట్ చట్టంలోనే 60వ సెక్షన్ ఉంది.

కథలు చదివే ఛానళ్ల నుంచి తరచుగా వచ్చే జవాబు: “మీ పేరు చెప్పాం కదండీ!” పేరు చెప్పడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. సమీక్షలోనో విమర్శలోనో కొంత భాగాన్ని పేరుతో ఉటంకించడానికి చట్టం ఒప్పుకుంటుంది. కథ మొత్తం చదివి ప్రకటనల డబ్బు తీసుకోవడానికి పేరు చెప్పినంత మాత్రాన సరిపోదు. అవతలివారు మంచివారైతే ఇక్కడే బేరం కుదుర్చుకోండి: వివరణలో మీ పేరు, పుస్తకం లింకు, కథకు ఇంత పారితోషికం. మంచి గొంతుతో చదివితే మీకూ లాభమే.

జవాబు రాకపోతే వేదిక దగ్గరికి వెళ్లండి. యూట్యూబ్‌కూ ఫేస్‌బుక్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ కాపీరైట్ ఫిర్యాదు పత్రాలు విడిగా ఉన్నాయి. ‘నాకు నచ్చలేదు’ అనే మామూలు రిపోర్టు బటన్ నొక్కి ఊరుకుంటే పని జరగదు. మీ అసలు లింకు, కాపీ లింకు, మీరే హక్కుదారు అన్న ప్రకటన అడుగుతారు. యూట్యూబ్‌లో వెంటనే తీసేయమనవచ్చు, లేదా అవతలివారికి ఏడు రోజుల గడువు ఇవ్వవచ్చు. గడువులోపు వారే తీసేస్తే వారి ఛానలుకు స్ట్రైక్ (ఉల్లంఘనకు యూట్యూబ్ వేసే హెచ్చరిక మార్కు) పడదు. తొలిసారి అయితే నేను గడువే ఇస్తాను. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోయే ప్రమాదం ఉంది, చిన్న తప్పుకు అంత శిక్ష నాకు ఇష్టముండదు. కలంపేరుతో రాసేవారు ఒకటి గమనించాలి: ఫిర్యాదులో అసలు పేరు ఇవ్వాలి, అది అవతలివారికి చేరవచ్చు.

భారత చట్టంలో మరో దారి ఉంది. 2013 కాపీరైట్ నియమాల ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో వేదిక ఆ లింకును ఆపాలి. అయితే 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి తెరవవచ్చు. వేదికకు ఫిర్యాదుల అధికారి ఉంటారు. ఆ అధికారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు.

కోర్టు చివరి మాట. అవతలివారు ఎక్కడున్నా మీరు నివసించే జిల్లా కోర్టులోనే దావా వేసే వీలును కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ఇస్తుంది. కడపలో ఉన్న రచయిత ముంబై సంస్థ కోసం ముంబై పరుగెత్తనక్కరలేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరమిదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వాట్సాప్ కవిత కోసం ఇంత దూరం వెళ్లమని నేను చెప్పను. మీ నవలను ఎవరైనా అచ్చేసి అమ్ముకుంటుంటే మాత్రం వకీలును కలవడానికి ఆలస్యం చేయకండి.

ఇంట్లో ఒక కాగితం

అరవై ఏళ్ల హక్కు మీ వారసులకు పోతుంది. వారికి ఆ సంగతి తెలియకపోతే, మీ కథను పాఠ్యపుస్తకంలో వేద్దామని వచ్చిన సంపాదకుడు ఎవరిని అడగాలో తెలియక మరో కథ వెతుక్కుంటాడు. మీ రచనల జాబితా, ఏది ఎవరికి ఏ షరతు మీద ఇచ్చారు, చిత్తుప్రతులు ఎక్కడున్నాయి, అనుమతులు ఇవ్వాల్సింది ఎవరు అన్నవి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. నేను మొన్న ఉగాదికి రాసి మా అమ్మాయి చేతికిచ్చాను. కుట్టు మిషను కవిత ఇరవై రెండో పాదంతో అయిపోతుందని అందులో విడిగా రాశాను.